ముందు జవానా... నేరుగా ఆఫీసరా?

తెల్లవారుజామున అయిదు గంటలు. అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్లే దారిలో ఏ ఊరైనా అనుకోండి. కరకట్ట మీద నలుగురైదుగురు కుర్రాళ్లు పరుగెడుతుంటారు. గట్టు చివర ఒకడు సెల్‌ఫోను పట్టుకుని నిమిషాలు, సెకన్లు అరిచి చెబుతుంటాడు. పదహారు వందల మీటర్లు... అయిదున్నర నిమిషాలు. సైన్యం ర్యాలీలో ముందు వరుసలో నిలవాలంటే పరుగు ఆ దగ్గర్లో ఉండాలన్నది వాళ్ల లెక్క.

ఆ కుర్రాళ్లలో ఒకడి ఇంటి సంగతి చూడండి. ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. తండ్రికి రెండెకరాల సొంతం, నాలుగెకరాల కౌలు. వరి తర్వాత మినుములు చేతికొస్తే ఆ ఏడు గట్టెక్కినట్టు. ఆదివారం పూట ఆ ఇంటి వరండాలో పంచాయితీ మొదలైంది. గుడివాడ నుంచి మేనమామ వచ్చాడు. హవల్దారుగా చేసి రిటైరైన మనిషి. నెలనెలా పింఛను వస్తుంది, మిలటరీ క్యాంటీన్ కార్డుంది. ఆయన మాట సూటిగా ఉంటుంది.

‘‘బావా, వీణ్ణి ముందు సైన్యంలో పడెయ్. జీతం మొదలవుద్ది. లోపలికెళ్లాక తీరిగ్గా ఆఫీసరు పరీక్ష రాసుకుంటాడు. మా యూనిట్లో అట్టా రాసి అయినోళ్లున్నారు.’’

బందరులో లెక్చరరుగా చేస్తున్న బాబాయ్ ఒప్పుకోలేదు. ‘‘వద్దన్నయ్యా. ఒకసారి జవానుగా చేరాడంటే అదే జీవితం. వాడికి లెక్కలు బాగానే వచ్చుగా! ఎన్‌డీఏ రాయిద్దాం.’’

తల్లిది మూడో మాట. ‘‘ఊళ్లో పిల్లలంతా బీటెక్కుల్లో చేరుతుంటే మనకే ఎందుకీ తుపాకుల గొడవ?’’

ఇందులో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. చిక్కేమిటంటే, మేనమామ చెబుతున్నది తాను చేరిన రోజుల నాటి సైన్యం గురించి. బాబాయ్ చెబుతున్నది తాను ఎప్పుడూ చూడని సైన్యం గురించి. నిర్ణయం మాత్రం పదిహేడేళ్ల కుర్రాడి మీద పడుతోంది.

ఈ గట్టు... ఆ గట్టు

చాలా ఇళ్లలో ఉండే అపోహ ఒకటుంది. జవానుగా చేరితే ప్రమోషన్లు వచ్చుకుంటూ పోయి చివరికి ఆఫీసరు అవుతారని. కాదు. సిపాయి, లాన్స్ నాయక్, నాయక్, హవల్దార్, ఆ తర్వాత నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. మెట్లు అక్కడితో అయిపోతాయి. బాగా పనిచేసిన కొందరు సుబేదార్లకు గౌరవ లెఫ్టినెంటు, గౌరవ కెప్టెన్ హోదాలు ఇస్తారు. అది గౌరవమే, చిన్నదేం కాదు. కానీ లెఫ్టినెంటు నుంచి మొదలయ్యే ఆఫీసర్ల వరస వేరు.

బందరు కాలువకు రెండు గట్లున్నట్టు అనుకోండి. ఈ గట్టున ఎంత దూరం నడిచినా ఆ గట్టుకు చేరం. ఎక్కడో ఓ చోట వంతెన ఎక్కాలి. సైన్యంలో ఆ వంతెన పేరు పరీక్ష, దాని తర్వాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ. లోపలి నుంచి వచ్చినా, బయటి నుంచి వచ్చినా అది తప్పదు.

ఒకప్పుడు మనవాళ్లకు ఆ వంతెనే లేదు. ఇక్కడికి దగ్గర్లోని భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య కుర్రతనంలో బ్రిటిష్ సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీజీతో పరిచయం అక్కడే. తర్వాత బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. పత్తి మీద పరిశోధన చేశారు, జపాన్ భాష నేర్చారు, 1921లో బెజవాడలో జెండా నమూనా గాంధీజీ చేతికిచ్చారు. అన్ని విద్యలున్న మనిషి కూడా ఆ రోజుల్లో ఆ సైన్యంలో పూర్తి స్థాయి ఆఫీసరు కావడానికి దారి లేదు. భారతీయులకు అలాంటి కమిషన్లు ఇవ్వడం మొదలైందే మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో. డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలటరీ అకాడమీ వచ్చింది 1932లో. ‘ముందు జవానా, నేరుగా ఆఫీసరా’ అని వరండాలో కూర్చుని వాదించుకునే అవకాశం మనకు ఆ తర్వాత వచ్చిందే!

లోపలి నుంచి వెళ్లినవాళ్లు

మేనమామ మాట ఉత్తది కాదనడానికి పెద్ద సాక్ష్యమే ఉంది. హర్యానాలోని సిసానాకు చెందిన హోషియార్ సింగ్ 1957లో జాట్ రెజిమెంటులో మామూలు సైనికుడిగా చేరాడు. 1963లో గ్రెనేడియర్స్‌లో ఆఫీసరయ్యాడు. 1971 యుద్ధంలో బసంతర్ దగ్గర గాయాలతోనే తన కంపెనీని నడిపించి, పరమవీర చక్ర అందుకున్నాడు. బతికుండగా ఆ పతకం అందుకున్న కొద్దిమందిలో ఆయనొకరు.

అంత వెనక్కి వెళ్లక్కర్లేదంటే, బిహార్‌లోని ఆరా ప్రాంతం నుంచి వచ్చిన బాల్‌బంకా తివారీ ఉన్నాడు. పదహారేళ్ల వయసులో ఒడిశా వెళ్లి ఇనుప చువ్వలు కోసే కర్మాగారంలో రోజుకు యాభై, వంద రూపాయలకు పనిచేశాడు. 2012లో జవానుగా చేరాడు. ఉద్యోగం చేస్తూనే చదివి, 2017లో ఆర్మీ క్యాడెట్ కాలేజీకి ఎంపికయ్యాడు. 2020 డిసెంబరులో డెహ్రాడూన్ అకాడమీ నుంచి లెఫ్టినెంటుగా బయటికొచ్చాడు. అప్పటికి వయసు 28.

ఆ కాలేజీనే ఏసీసీ అంటారు. 1929లో నౌగాంగ్‌లో కిచెనర్ కాలేజీగా మొదలైన సంస్థ అది. ఇప్పుడు డెహ్రాడూన్ అకాడమీలో ఒక విభాగం. కనీసం రెండేళ్ల సర్వీసు, ఇంటర్ చదువు, 20 నుంచి 27 ఏళ్ల మధ్య వయసు ఉన్న సైనికులు రాత పరీక్ష, ఇంటర్వ్యూ దాటి ఇందులోకి వెళ్తారు. మూడేళ్లు డిగ్రీ చదువు. జేఎన్‌యూ పట్టా వస్తుంది. ఆపైన ఏడాది మిలటరీ అకాడమీ శిక్షణ. భుజం మీద నక్షత్రాలు పడ్డాక నేరుగా వచ్చిన లెఫ్టినెంటుకూ, ఇలా వచ్చిన లెఫ్టినెంటుకూ హోదాలో తేడా లేదు. ఏసీసీ నుంచి వచ్చినవాడికి జవాను కష్టం చెప్పకుండానే తెలుస్తుంది. వయసు మీద పడి మొదలవడం వల్ల పై ర్యాంకులకు వెళ్లే సమయం మాత్రం తక్కువ.

ఇంతవరకూ బాగానే ఉంది. మేనమామ లెక్కలోకి రానిది 2022.

నాలుగేళ్ల జల్లెడ

ఆ ఏడాది జూన్ 14న అగ్నిపథ్ పథకం ప్రకటించారు. అప్పటి నుంచి జవానుగా చేరడమంటే అగ్నివీర్‌గా చేరడమే. నాలుగేళ్ల ఉద్యోగం. ఆ తర్వాత ఉంచేది గరిష్ఠంగా 25 శాతం మందిని. ఆ పావు వంతులో ఉన్నవాడు మరో పదిహేనేళ్లకు తగ్గకుండా కొనసాగుతాడు. మిగిలిన ముగ్గురూ ఇంటికి రావాలి.

డబ్బు సంగతి పథకం ప్రకటించినప్పుడు చెప్పిన లెక్కల్లోనే చూద్దాం. మొదటి ఏడు నెలకు 30,000. నాలుగో ఏడుకు 40,000. ఇందులో 30 శాతం సేవానిధికి పోతుంది. కాబట్టి మొదటి ఏడాది చేతికొచ్చేది 21,000, ఆఖరి ఏడాది 28,000. ప్రభుత్వం తన వాటా అంతే వేస్తుంది. నాలుగేళ్ల చివర వడ్డీతో కలిపి 11.71 లక్షలు. దాని మీద ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంటుంది. పింఛను, గ్రాట్యుటీ లేవు. మేనమామకు నెలనెలా వచ్చేది ఆ ముగ్గురికీ రాదన్నమాట. ఆయన క్యాంటీన్ కార్డు చూసి ఇంకో తరం పిల్లలు చేరిపోకూడదు కదా!

కౌలు బాకీ ఉన్న ఇంటికి నెలకు 21,000 చిన్న మొత్తం కాదు. తిండి, బట్ట, బస సైన్యానివే కాబట్టి ఆ డబ్బులో చాలా భాగం ఊరికి పంపొచ్చు. ఇరవై రెండేళ్లకు పదకొండు లక్షలతో వచ్చినవాడు అప్పు తీర్చి, చెల్లెలి పెళ్లికి కొంత దాచి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవచ్చు. కేంద్ర సాయుధ బలగాల్లో వీళ్లకు పది శాతం రిజర్వేషన్ 2022లోనే ప్రకటించారు. అంచేత అగ్నివీర్ తప్పుడు దారి అనడానికి లేదు. దాన్ని ఆఫీసరు ఉద్యోగానికి దగ్గరి దారి అనుకోవడమే తప్పు.

ఎందుకంటే ఏసీసీ కట్టింది రెగ్యులర్ సైనికుల కోసం. మేనమామ కాలంలో చేరినవాడు రెగ్యులరే కాబట్టి రెండేళ్లు నిండితే పుస్తకం పట్టుకోవచ్చు. ఇప్పుడు మధ్యలో నాలుగేళ్ల జల్లెడ వచ్చింది. లెక్క వేసుకునేవాళ్లు ఏసీసీని ఆ జల్లెడ దాటిన తర్వాతి సంగతిగా రాసుకోవడమే క్షేమం. 18కి చేరినవాడు 22కి పర్మనెంట్ అయితే 27 లోపు అయిదేళ్ల గడువుంటుంది. కొండంత కాకపోయినా గుట్టంత ఆశ.

జల్లెడలో పడి ఇంటికొచ్చినవాడికీ ఒక దారుంది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోవడం లేదు. అగ్నివీర్ల కోసం ఇగ్నో విశ్వవిద్యాలయం మూడేళ్ల డిగ్రీ పెట్టింది. శిక్షణలో నేర్చుకున్నదానికి సగం క్రెడిట్లు ఇస్తారు. ఆ పట్టా చేతిలో ఉంటే 22 ఏళ్లకు వచ్చినవాడు సీడీఎస్ పరీక్ష రాయొచ్చు. వయసు ఇంకా రెండు మూడేళ్లు మిగిలే ఉంటుంది. బ్యారక్‌లో రాత్రిపూట ఫోను చూడటం మాని పుస్తకం చూసినవాడికే ఇది పనికొస్తుందని వేరే చెప్పాలా?

బయటి నుంచి తలుపులెన్ని?

బాబాయ్‌కి ఎన్‌డీఏ ఒక్కటే తెలుసు. అది పెద్ద తలుపే. యూపీఎస్‌సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. సాధారణంగా ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర. ఇంటర్ రెండో ఏడు చదువుతూనే దరఖాస్తు చేయొచ్చు. సైన్యం విభాగానికి ఏ గ్రూపైనా సరే. వైమానిక, నౌకాదళాలకైతే లెక్కలు, ఫిజిక్స్ వంటివి ఉండాలి. లెక్కలకు 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600. అందులో ఇంగ్లిషుకే 200. ఇంటర్వ్యూకు ఇంకో 900. అంటే రాతకెంతో మనిషికీ అంతే. ఎంపికైతే మూడేళ్లు ఖడక్‌వాస్లా, ఏడాది అకాడమీ. చదువు, బస ప్రభుత్వానివే. మొదట్లో బట్టలకు, పాకెట్ మనీకి కొంత కట్టాలి. ఆఖరి ఏడాది నుంచి నెలకు 56,100 స్టైపెండు. లెఫ్టినెంటు మూల వేతనం మొదలయ్యేదీ అక్కడే. దాని మీద సైనిక సేవా భత్యం 15,500, డీఏ అదనం.

డెల్టాలో ఎంపీసీ పిల్లలకు తెలియాల్సిన తలుపు ఇంకోటుంది. టెక్నికల్ ఎంట్రీ. ఇంటర్ ఎంపీసీలో కనీసం 60 శాతం ఉండి, జేఈఈ మెయిన్ రాసి ఉంటే చాలు. యూపీఎస్‌సీ రాత పరీక్ష లేదు. వడపోసి నేరుగా ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇంజినీరింగ్ చదువు సైన్యమే చెప్పిస్తుంది. గుడివాడ, విజయవాడ హాస్టళ్లలో తెల్లవారుజాము నాలుగు నుంచి జేఈఈ కోసం చదివేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరు? ఐఐటీ రాకపోతే ఆ రెండేళ్ల కష్టం వృథా అని ఏడ్చే ఇళ్లలో ఈ కాగితం ఒక్కసారి చదివితే బాగుండును.

పందొమ్మిదిన్నర దాటిందా? డిగ్రీ తర్వాత సీడీఎస్ ఉంది. డెహ్రాడూన్‌కు ఇరవై నాలుగేళ్ల దాకా, చెన్నై అకాడమీకి ఇంకో ఏడాది. చెన్నైకి లెక్కల పేపరు కూడా లేదు. కాలేజీలో ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్ మంచి గ్రేడుతో తెచ్చుకున్నవాళ్లకు రాత పరీక్ష లేకుండా స్పెషల్ ఎంట్రీ ఉంది. బీటెక్ పూర్తిచేసినవాళ్లకు ఇరవై ఏడేళ్ల దాకా టెక్నికల్ విభాగాల్లో అవకాశం ఉంటుంది. తల్లి కోరుకున్నట్టు వాడు బీటెక్‌లో చేరినా ఆఫీసరు దారి మూసుకుపోదన్నమాట. ఆడపిల్లలకు సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో ఎన్‌డీఏ తెరుచుకుంది. తొలి బృందంలోని 17 మంది 2025 మే 30న అకాడమీ నుంచి బయటికొచ్చారు.

వయసుల వారీగా ఓ కాగితం మీద వేసి చూస్తే బాబాయ్ వాదన బలం తెలుస్తుంది. 18కి ఎన్‌డీఏ అయితే 22కి లెఫ్టినెంటు. డిగ్రీ, సీడీఎస్ అయితే 23, 24. ముందు జవానై ఏసీసీ ద్వారా అయితే 26 నుంచి 30 పైదాకా. పైగా ఎన్‌డీఏ తలుపు పందొమ్మిదిన్నరకు మూసుకుపోతే మళ్లీ తెరుచుకోదు. అగ్నివీర్ దరఖాస్తు మాత్రం వచ్చే ఏడూ ఉంటుంది. ముందు మూసుకుపోయే తలుపునే ముందు తట్టాలి. ఈ మాట మేనమామకు ఎవరో ఒకరు నెమ్మదిగా చెప్పాలి. గట్టిగా చెబితే ఊరుకునే మనిషి కాదు.

ఇంగ్లిషు అనే రేవు

ఇక్కడ బాబాయ్ చెప్పని సంగతి ఒకటుంది. అగ్నివీర్ ఆన్‌లైన్ పరీక్షను 2025లో 13 భాషల్లో పెట్టారు. అందులో తెలుగు ఒకటి. ఎన్‌డీఏ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీల్లోనే ఉంటుంది. కోడూరు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివినవాడికి ఈ తేడా పెద్దది. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, లెక్క అడిగిన భాష అర్థం కావాలి.

ఇంటర్వ్యూ బోర్డు ఇంకా గట్టి పిండం. అయిదు రోజులు అక్కడే ఉండాలి. మొదటి రోజు బొమ్మ చూపించి కథ రాయమంటారు, దాని మీద గుంపుగా చర్చించమంటారు. చాలామంది ఆ సాయంత్రమే తిరుగు రైలెక్కుతారు. మిగిలినవాళ్లకు రెండో రోజు మనస్తత్వ పరీక్షలు. తెర మీద ఒక్కో మాట పడుతుంది, పదిహేను సెకన్లలో దాని మీద వాక్యం రాయాలి. అలా 60 మాటలు. అరగంటలో 60 సందర్భాలు ఇచ్చి ‘నువ్వయితే ఏం చేస్తావు’ అంటారు. తర్వాత మైదానంలో తాళ్లు, దుంగలు, పీపాలతో పదిమందీ కలిసి అడ్డంకి దాటాలి. మధ్యలో ముఖాముఖి ఇంటర్వ్యూ. నోరు తిరిగే ఇంగ్లిషు అక్కర్లేదు. అనుకున్నది తడబడకుండా చెప్పగలిగితే చాలు. అదే కష్టం.

అయితే ఈ అడ్డంకికి భయపడి వెనక్కి పోవాల్సిన ఊళ్లు కావివి. డీఎస్సీ శిక్షణ కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ అవనిగడ్డ వస్తారు. చదివించడం తెలిసిన మాస్టార్లకు అక్కడ కొదవ లేదు. ఎన్‌డీఏ లెక్కలు ఇంటర్ పుస్తకాన్ని దాటి పెద్దగా ముందుకు పోవు. రోజూ ఓ ఇంగ్లిషు పేపరు చదివి, చదివింది ఎవరికైనా నోటితో చెప్పే అలవాటు ఉంటే ఆర్నెల్లలో తేడా తెలుస్తుంది. వినేవాడు దొరక్కపోతే గేదెకైనా చెప్పొచ్చు, అది తప్పులు పట్టదు.

కాస్త జాగ్రత్త అవసరమైంది ఇంకోటుంది. సైన్యం పేరు చెప్పి లక్షలడిగే దళారులు. జవాను ఉద్యోగానికైనా, ఆఫీసరు ఉద్యోగానికైనా డబ్బు తీసుకుని పని చేయించగల మధ్యవర్తి ఉండడు. ఉన్నానంటే వాడు మోసగాడే.

అమ్మ అడిగిన ప్రశ్న

తల్లి ఇంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఆమె అడిగింది ఒకటే. ‘‘ఆఫీసరైతే ప్రమాదం తక్కువా?’’

తక్కువ కాదు. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్‌డీఏ మీదుగా వెళ్లిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్ 15న గల్వాన్ లోయలో ప్రాణమిచ్చాడు. తన దళానికి తానే ముందు నిలబడ్డాడు. మహావీర చక్ర ఆయన మరణానంతరం వచ్చింది. శ్రీసత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడు. ఒకరు నేరుగా వెళ్లారు, ఒకరు అగ్నివీర్‌గా వెళ్లారు. ఈ ప్రశ్నకు దారులతో పని లేదు. ఆమెకు సమాధానం కొడుకే చెప్పుకోవాలి.

సైన్యం ఈ సీమకు మరీ దూరపు చుట్టం కూడా కాదు. సైనికులు రాత్రిపూట చూసే పరికరాలు బందరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో తయారవుతాయి. నాగాయలంక దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మేలో శంకుస్థాపన జరిగింది. పిల్లలకు ఆ వైపు చూపు పడటంలో వింతేముంది?

వరండాలో చివరికి తేలింది అనుకోనిచోట. మేనమామ పాత అలవాటు కొద్దీ మేనల్లుణ్ణి ద్వారబంధానికి ఆనించి నిలబెట్టాడు. పెన్సిలుతో గీత గీసి టేపు పెట్టి కొలిచాడు. 164 సెంటీమీటర్లు. మన రాష్ట్రం అభ్యర్థులకు అగ్నివీర్ జనరల్ డ్యూటీకి కావాల్సింది 166. మేనమామ మళ్లీ కొలిచాడు. మళ్లీ 164.

‘‘ఆఫీసరుకెంతరా?’’ అని తమ్ముణ్ణి అడిగాడు తండ్రి.

‘‘సైన్యంలో అయితే 157 ఉంటే చాలన్నయ్యా.’’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజానికి ఈ సంగతి చాలా ఊళ్లలో తెలియదు. ర్యాలీలో ఎత్తు చాలక వెనక్కి వచ్చిన కుర్రాడు సైన్యానికే పనికిరానని తీర్మానించుకుంటాడు. వాడు ఆఫీసరు పరీక్ష రాయొచ్చని చెప్పేవాళ్లు ఉండరు.

‘‘ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ఎన్‌డీఏ రాస్తాను నాన్నా’’ అన్నాడు కుర్రాడు. ‘‘జేఈఈ ఎలాగూ రాస్తున్నా కాబట్టి టెక్నికల్‌కి కూడా పెడతా. వచ్చే ఏడుకీ ఏదీ రాకపోతే ర్యాలీకి పోతా.’’

‘‘ఏడాది ఆగగలమా?’’ అని తండ్రి తనలో తానే అన్నట్టు అడిగాడు. మినుములు ఎట్టా ఉన్నాయో, కౌలు ఎంత కట్టాలో అందరికీ తెలుసు. మేనమామే నోరు విప్పాడు. ‘‘ఏడాదికి నేను చూసుకుంటాలే బావా. నువ్వు మాత్రం పొద్దున పరుగు మానకురా. ఇంకో రెండు సెంటీమీటర్లు ఎటు పోతాయి?’’

ద్వారబంధం మీది గీత పక్కన ఆ రోజు తేదీ వేసి, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ఆయన భోజనానికి లేచాడు.